ఆరు పక్కన ఏడు సున్నాలు

జూన్ 3, సోమవారం

ప్రతిపాదన రాయడం ఇవాళ మొదలుపెట్టాను. ముందు ఇక్కడ చిత్తు రాసుకుని తర్వాత శుభ్రంగా ఎక్కిస్తాను. విచారణ కమిటీలో ముగ్గురికి ప్రోగ్రామింగ్ తెలియదు. వాళ్ళకీ అర్థమవ్వాలి.

"మన యంత్రాలన్నీ మనం సొంతంగా తయారుచేసుకున్న ప్రోగ్రామింగ్ భాషలోనే నడుస్తాయి. అందులో కాలాన్ని మైక్రోసెకన్లలో రాస్తాం. సెకనుకు పది లక్షలు. ఆసుపత్రి లాండ్రీలో తడిబట్టలు పిండే యంత్రం మనదే. మోటారు ఆగాక కూడా దాని డ్రమ్ము ఊపు మీద తిరుగుతూనే ఉంటుంది కాబట్టి అరవై సెకన్ల దాకా తలుపు తాళం ఊడకూడదు. అంటే 60000000 అని ఉండాలి. 6000000 అని పడింది. ఆరో సెకనులో తలుపు తెరుచుకుంది. తెరుచుకుందంటే డ్రమ్ము ఆగినట్టేననుకుని లాండ్రీ ఆవిడ చెయ్యి పెట్టింది. మన భాష అంకెల మధ్య ఏ గుర్తునీ ఒప్పుకోదు. ఒప్పుకుని ఉంటే అక్కడ 60_000_000 అని ఉండేది. ఒక్క సున్నా తగ్గినా ఎవరి కంటికైనా ఇట్టే కనబడేది."

ఎవరి కంటికైనా. ఈ వాక్యం బాగా కుదిరింది.

ఇది కూడా చేర్చాలి: ఒకరు రాసిన కోడు ఇంకొకరు సరిచూసి ఒప్పుకుంటే గానీ యంత్రంలోకి వెళ్ళదు. రాసింది చీమ. సరిచూసింది నేను. చీమ అని కాదు, అసలు పేరు రాయాలి. పొట్టిగా ఉంటుందనీ, ఒక్క నిమిషం ఖాళీగా కూర్చోదనీ పదకొండేళ్ళుగా అలాగే పిలుస్తున్నాం. అసలు పేరు రాయబోతే చెయ్యి ఆగింది.

జూన్ 4

ఆరు పక్కన ఏడు. పళ్ళు తోముకుంటూ మళ్ళీ లెక్కపెట్టాను. ఏడే.

జూన్ 5, బుధవారం

పెద్దాయన గదికి వెళ్ళాను. ఇరవై ఏడేళ్ళ కిందట ఒక్కరే కూర్చుని ఈ భాషని కట్టిన మనిషి. ఆయన ఊ అనకపోతే ఇందులో చుక్క కూడా చేరదు.

"కుర్చీ మీద కాగితాలు కింద పెట్టి కూర్చోమ్మా. నా భాషకి నగలు చేయిస్తున్నావట?"

"నగలు కాదండీ, కళ్ళజోడు."

నవ్వారు. వెంటనే పనిలోకి దిగిపోయారు. "కామా కుదరదు. కామా వస్తే ఇంకో విలువ మొదలైందని మన దగ్గర అర్థం. ఖాళీ వదిలినా అంతే."

"అండర్‌స్కోరు పెడదామండీ. కింద గీత."

"గీత పేర్లలో వాడుతున్నాం. _100 అని రాస్తే అది పేరా, సంఖ్యా?"

"మొదట్లో పెట్టనివ్వం. చివరా పెట్టనివ్వం. రెండు గీతలు పక్కపక్కన రానివ్వం. అటో అంకె, ఇటో అంకె ఉంటేనే."

"మూడేసి అంకెలకేనా?"

"ఎక్కడైనా. కొందరు వేలల్లో చూస్తారు, కొందరు లక్షల్లో. మధ్యలో మన పెత్తనం ఎందుకు?"

"అయితే ఎవడో ఒకడు 6_0_00000 అని రాసి చక్కా పోతాడు."

"సరిచూసేవాళ్ళు పట్టుకుంటారు కదండీ."

అనేశాక నాలుక కరుచుకున్నాను. ఆయన కళ్ళద్దాలు తీసి చొక్కా అంచుతో తుడుస్తూ కూర్చున్నారు.

"ఆ తాళం నంబరు నువ్వు చూశావు కదూ?"

"చూశానండీ."

"సున్నాలు లెక్కపెట్టావా?"

"రెండుసార్లు."

కమిటీ ముందు మొదటిరోజు ఒకసారి అని చెప్పినట్టున్నాను. ఒకసారైతే ఏంటి, రెండుసార్లైతే ఏంటి. సారాంశం ఒకటే, చూసినా కనబడలేదు.

జూన్ 7, శుక్రవారం

చీమ ఫోన్ చేసింది. ఆఫీసువాళ్ళు తనని సెలవులో ఉండమన్నప్పట్నించీ చేయడం ఇదే మొదలు. గొంతు గుర్తుపట్టలేకపోయాను.

"ఏం చేస్తున్నావే?" అన్నాను. అంతకంటే ఏం అడగాలో తోచలేదు.

"అలమారలు సర్దుతున్నా. సర్దినవే మళ్ళీ సర్దుతున్నా. నిన్న మా అత్తగారికి మందుల డబ్బా నింపిచ్చి, మూడుసార్లు విప్పి చూశాను. సోమవారం గడిలో రెండు వేశానేమో, మూడు వేశానేమో అని. ఆవిడ డబ్బా నా చేతిలోంచి లాక్కుంది. నా కళ్ళ మీద నాకే నమ్మకం పోయిందే."

ఫోను రెండో చెవికి మార్చుకున్నాను.

"ఒక్కటే ధైర్యం నాకు. నువ్వు కూడా లెక్కపెట్టావు కదా. నీలాంటి దానికే కనబడలేదంటే, నేను మరీ అంత పనికిమాలినదాన్ని కాదన్నమాట. లెక్కపెట్టావు కదూ?"

"లెక్కపెట్టానే. తెర మీద వేలు పెట్టి మరీ."

వేలు ఎక్కణ్ణుంచి వచ్చిందో నాకే తెలీదు. నోట్లోంచి వచ్చేసింది. వచ్చేశాక నిజంగా పెట్టినట్టే అనిపించింది. తెర చల్లగా తగిలినట్టు కూడా.

జూన్ 9, ఆదివారం

మా మేడ కింద వీధివైపు అక్క కళ్ళజోళ్ళ కొట్టు. ఆదివారం మూసే ఉంటుంది. తాళం తీయించి కళ్ళు పరీక్ష చేయించుకున్నాను.

అద్దాలు మార్చి మార్చి చూసింది. చివరి వరుస అక్షరాలు చదివాను. దాని కింద కార్డు అచ్చేసినవాళ్ళ అడ్రసు ఉంటే అదీ చదివాను.

"నీకేం రోగం లేదు. గద్ద కళ్ళు," అంది అక్క.

"ఇంకోసారి చూడు. కొంచెం కూడా మసక లేదా? గుండ్రటి అక్షరాలు ఒకదాని మీద ఒకటి ఎక్కినట్టు?"

"లేదన్నానా."

"ఎడమ కన్ను?"

అక్క దీపం ఆర్పేసి నా మొహంలోకి చూసింది. "వచ్చిన వాళ్ళందరూ ఏమీ లేదంటే సంతోషిస్తారు. నువ్వేంటే, ఉందంటే మిఠాయిలు పంచేలా ఉన్నావు?"

పైకి వచ్చేశాను. మెట్ల మీద ఎదురు వాటా ఆవిడ పలకరించింది. జవాబివ్వలేదు.

జూన్ 10

కళ్ళు బాగున్నాయి.

జూన్ 12, బుధవారం

ఇవాళ పనిచేశాను. నిజంగా పనిచేశాను. పొద్దుట కూర్చుంటే లేచేసరికి కాఫీ మీద మీగడ గట్టిపడింది.

మనం రాసిన కోడుని యంత్రానికి అర్థమయ్యేలా మార్చే కంపైలర్, సంఖ్యని ఒక్కో అక్షరంగా చదువుతుంది. అంకె వచ్చినంతసేపూ పోగుచేసుకుంటుంది, అంకె కానిది వస్తే ఆగిపోతుంది. అక్కడే చిన్న తలుపు తెరిచాను. గీత వస్తే ముందూ వెనకా చూడు. రెండువైపులా అంకెలుంటే గీతని పారేసి ముందుకెళ్ళు, లేకపోతే కేకెయ్యి. మార్పంతా కలిపి పంతొమ్మిది వరుసలు. దానికి నలభై ఒక్క టెస్టులు రాశాను. 1_000 వెళ్ళాలి. 1__000 ఆగాలి. 1_ ఆగాలి. దశాంశ చుక్కకి అటూ ఇటూ ఆనుకుని ఉంటే ఆగాలి. మొదట మూడు తప్పాయి, సాయంత్రానికి అన్నీ నెగ్గాయి.

తర్వాత పాత ఫైళ్ళలో పెద్ద సంఖ్యలన్నిటికీ మూడేసి అంకెలకి గీతలు పెట్టించి చూశాను. ఒక హెచ్చరిక దీపం నంబరులో సున్నా ఒకటి ఎక్కువుంది. అర సెకనుకోసారి వెలగాల్సింది అయిదు సెకన్లకోసారి వెలుగుతోంది. ఆరేళ్ళుగా ఎవరూ పట్టుకోలేదు. గీతలు పెట్టగానే మొహం మీద కొట్టినట్టు కనబడింది.

చూశారా! అని పైకే అన్నాను. గదిలో ఎవరూ లేరు.

జూన్ 14, శుక్రవారం

విచారణ నివేదిక చిత్తుప్రతి పంపారు. అభ్యంతరాలుంటే ఇరవై ఒకటిన చెప్పాలట.

చీమ గురించి: "రాసినవారి నిర్లక్ష్యం స్పష్టం. విధుల నుంచి తొలగించాలని సిఫార్సు."

నా గురించి: "సరిచూసినవారు రెండు పర్యాయాలు లెక్కించినా పొరపాటు దృష్టికి రాలేదు. ఇది మానవ సహజం."

మానవ సహజం.

రెండు పర్యాయాలు అని పెద్దాయనే చెప్పి ఉంటారు. తెర మీద వేలు సంగతి ఇంకా వాళ్ళకి చేరలేదు.

జూన్ 15

ఇల్లంతా కాలుగాలిన పిల్లిలా తిరిగాను. ప్రతిపాదన ఇంకోసారి దిద్దాను. "ఎవరి కంటికైనా" కింద గీత గీశాను.

జూన్ 16

చీమకి ఫోన్ చేయలేదు. తను చేసింది, తియ్యలేదు.

జూన్ 17, సోమవారం

పెద్దాయన పిలిచారు. బల్ల మీద రెండు కాగితాలు బోర్లించి ఉన్నాయి. ఒకటి తిప్పారు. 6_000_000.

"ఎన్ని సెకన్లు?"

"ఆరు."

"రెప్ప కొట్టేలోగా చెప్పావు. సరే, గెలిచావు. నీ గీతకి నేను ఒప్పుకుంటున్నాను. దీపం సంగతి కూడా చదివాను. ఇరవై ఏడేళ్ళు మూర్ఖంగా అడ్డుపడ్డాను. ప్రతిపాదన మీద సంతకం చేసేశాను, తీసుకెళ్ళు."

గంతులెయ్యాలి కదా నేను. కుర్చీలోంచి లేవలేకపోయాను. ఆయన రెండో కాగితం తిప్పారు. 6000000.

"ఇది?"

లెక్కపెట్టాను. పెదాలు కదిలాయి. "ఆరు."

"గడియారం చూశాను. నాలుగు సెకన్లు. కష్టమే, కాదనను. రోజుకి వంద నంబర్లు చూస్తే కళ్ళు తేలిపోతాయి, ఒకటీ అరా జారిపోతుంది, అందుకే నీ గీత కావాలి. కానీ ఒక్క నంబరుని పనిగట్టుకుని రెండుసార్లు లెక్కపెట్టిన మనిషికి, రెండుసార్లూ ఒకేలా తప్పడం..." ఆగిపోయారు.

"ఏమంటారండీ?"

"నేనేమీ అనట్లేదమ్మా. ఏమీ అడగట్లేదు కూడా. కాగితం తీసుకెళ్ళు."

కాగితం తీసుకుని వచ్చేశాను. ఇప్పుడు ఈ డైరీ పక్కనే ఉంది, ఆయన సంతకంతో.

జూన్ 18, మంగళవారం

రాసేస్తాను. ఎవరు చూడొచ్చారు.

ఏప్రిల్ 22. మధ్యాహ్నం. చీమ నా సీటు దగ్గరికి వచ్చి నిలబడింది. "ఆ తాళం నంబరు ఒక్కసారి చూడవా? సున్నాలు చూసి చూసి నా కళ్ళు తిరుగుతున్నాయి. అదొక్కటీ జాగ్రత్తగా లెక్కపెట్టు," అంది. అదొక్కటీ అంది. నేను సరే సరే అన్నాను. తలెత్తలేదు. అప్పుడు ఎదురు వాటా ఆవిడతో ఫోన్లో మెసేజీల యుద్ధం నడుస్తోంది. మా మెట్ల మీద వాళ్ళ చెప్పుల స్టాండు గురించి. ఆవిడ ఒకటి పంపితే నేను రెండు పంపాను. మంచి మంచి మాటలు వెతుక్కుని మరీ పంపాను. మధ్యలో ఆఫీసు తెర మీద చీమ ఫైలు పేరు కనబడింది. పక్కనే "ఒప్పుకుంటున్నాను" అనే మీట. నొక్కాను.

ఫైలు తెరవలేదు.

ఒకసారి కాదు, రెండుసార్లు కాదు. వేలు పెట్టలేదు. తెరవలేదు. అందులో గీతలున్నా, సున్నాల మీద ఎర్రరంగు పూసినా, ఆ నంబరు పాటలు పాడినా నాకు కనబడేది కాదు.

సాయంత్రం చీమ "చూశావా?" అని అడిగింది. "చూశా, బాగుంది," అన్నాను. "హమ్మయ్య," అంది.

మే 12న లాండ్రీ ఆవిడ చెయ్యి.

చెప్పుల స్టాండు ఇప్పటికీ అక్కడే ఉంది.

జూన్ 19

ఆసుపత్రి గేటు దాకా వెళ్ళాను. వెనక్కి వచ్చేశాను.

జూన్ 20, గురువారం

అక్కకి చెప్పాను. కళ్ళజోడు ఫ్రేముకి మర బిగిస్తూ విన్నది. చేతిలో పని ఆపలేదు, అదే నయం.

"రేపు చెప్తే నీ ఉద్యోగం ఉంటుందా?"

"తెలీదు."

"చెప్పకపోతే ఆ పిల్లది పోతుంది."

"అది ఒక్కటే కాదక్కా. నేను కూడా లెక్కపెట్టానన్న మాట పట్టుకునే అది బతుకుతోంది. అది కూడా లాగేస్తే ఏం మిగులుతుంది దానికి?"

అక్క మర వదిలేసి తల పైకెత్తింది. "ఓహో. అయితే ఇన్నాళ్ళూ దానిమీద జాలితో అబద్ధం చెప్తున్నావన్నమాట. ఎంత మంచిదానివే."

తల కొట్టేసినట్టయింది. కోపం కూడా వచ్చింది. పైకొచ్చి అన్నం తినకుండా కూర్చున్నాను. అక్కే ప్లేటు తెచ్చి బల్లమీద పెట్టి, ఒక్క మాట కూడా మాట్లాడకుండా కిందకి పోయింది.

జూన్ 21, శుక్రవారం

పొడుగాటి బల్ల. అటు అయిదుగురు, ఇటు చీమా నేనూ, మా మధ్య ఒక ఖాళీ కుర్చీ. చీమ చిక్కి సగం అయిపోయింది.

అధ్యక్షురాలు నన్ను అడిగారు, "మీ ప్రతిపాదన చదివాం. చాలా ఉపయోగకరం. నివేదిక మీద మీకు అభ్యంతరం ఉందా?"

"ఉందండీ. నేను రెండుసార్లు లెక్కపెట్టానని రాశారు. ఒక్కసారి కూడా లెక్కపెట్టలేదు. ఫైలు తెరవకుండా ఒప్పుకున్నాను."

"లెక్కపెట్టానని మీరే చెప్పారు."

"అబద్ధం చెప్పానండీ." నివేదికలో ఆ పేజీ తిప్పాను. "ఇంకొకటి. ఆ నంబరు మీద అనుమానంగా ఉంది, ప్రత్యేకంగా లెక్కపెట్టమని రాసినావిడ నన్ను అడిగింది. చేయాల్సిన పని తను చేసింది. దాన్ని నిర్లక్ష్యం అనకూడదు. ఆ మాట నా పేరు పక్కన రాయండి."

ఎవరో పెన్ను మూత పెట్టిన చప్పుడు. చీమ వైపు చూడలేదు. చూడలేకపోయాను. కుర్చీ వెనక్కి జరిగిన చప్పుడు వినబడింది, తలుపు చప్పుడు వినబడింది.

జూన్ 22, శనివారం

చీమ వచ్చింది. ఫోన్ చేయకుండా, నేరుగా. లోపలికి రమ్మన్నా రాలేదు. గుమ్మంలోనే.

"నలభై రోజులు," అంది. "నలభై రోజులు మందుల డబ్బా విప్పి విప్పి చూశానే. రోడ్డు దాటాలంటే సిగ్నలు రంగులు సరిగ్గా చూశానో లేదోనని నిలబడిపోయాను. నువ్వు కూడా లెక్కపెట్టావు కదా అని ఫోన్లో అడిగితే వేలు పెట్టి మరీ అన్నావు."

"అన్నాను."

"ఎందుకు? వేలు ఎందుకే? ఊరికే అబద్ధం చెప్తే సరిపోయేది కదా!"

ఏడుస్తోంది, కానీ తల దించుకోలేదు. పదకొండేళ్ళలో నా మీద గొంతెత్తడం ఇదే.

"నేను అడిగాను," అంది, ఎవరికో సాక్ష్యం చెప్తున్నట్టు. "అనుమానం వచ్చింది, అడిగాను. అంటే నా కళ్ళు బాగానే ఉన్నాయి."

"బాగానే ఉన్నాయే."

"నువ్వు చెప్పకు." వెళ్ళిపోయింది. మెట్లు ఒక్కొక్కటీ చూసుకుంటూ నిదానంగా కాదు, దబదబా దిగిపోయింది.

జూలై 8, సోమవారం

నిర్ణయం వచ్చింది. చీమ తిరిగి చేరింది, హెచ్చరిక ఒకటి ఇచ్చి వదిలేశారు. నన్ను పూర్తిగా తీసేయలేదు. రెండేళ్ళు ఎవరి కోడూ ఒప్పుకునే అధికారం లేదు, పరీక్షల విభాగంలో కింది స్థాయిలో పని. పెద్దాయన నా వైపు మాట్లాడారని విన్నాను. మాట్లాడకుండా ఉంటే బాగుండేదేమో.

మన భాష తర్వాతి విడుదలలో గీత వస్తుంది. ప్రతిపాదన మొదటి పేరా నేనే మార్చి పంపాను. "చూసేవాళ్ళకి త్వరగా కనబడుతుంది" అని. అంతే. అంతకంటే ఎక్కువ అది చేయలేదు. ఆ మాత్రం చేయడం కూడా పెద్ద పనే.

చీమ నాతో పని మాటలే మాట్లాడుతుంది. పని మాటలకి "అండీ" చేర్చింది.

జూలై 11, గురువారం

ఇవాళ గేటు దాటాను. ఆసుపత్రిలో చేతులకి వ్యాయామం చేయించే గది మొదటి అంతస్తులో చివర. కిటికీ పక్కన కూర్చుని ఉంది లాండ్రీ ఆవిడ. యాభై దాటి ఉంటాయి. పెద్ద గొంతు. నర్సుతో ఏదో చెప్పి తనే నవ్వుతోంది. కుడిచేతిలో స్పంజి బంతి. ఆఖరి రెండు వేళ్ళు మాత్రం బంతిని పట్టుకోకుండా బయటికే నిలబడి ఉన్నాయి.

ఎవరినో చెప్పాను. ఏం చేశానో చెప్పాను. చెప్పుల స్టాండు సంగతి కూడా చెప్పాను, దాచలేదు.

చాలాసేపు బంతి నొక్కుతూనే ఉంది.

"మీ వాళ్ళు చాలామంది వచ్చారమ్మాయ్," అంది చివరికి. "కోట్లు వేసుకున్నవాళ్ళు. అందరూ ఏదో సున్నా పోయింది, సున్నా పోయింది అన్నారు. నేనన్నానూ, సున్నాకి చెయ్యి విరిచే బలం ఎక్కడిదయ్యా, దాని వెనకాల మనిషి ఉండాలి కదా అని. అందరూ కాగితాలు చూసుకున్నారు."

"నేనేనండీ ఆ మనిషిని."

"వింటున్నా కదా." నన్ను పైనించి కిందదాకా చూసింది. తిడుతుందనుకున్నాను. తిడితే బాగుండుననుకున్నాను. "నా కోపం నాకుంది. ఇవాళ్టితో ఇది పోదు, నువ్వొచ్చి చెప్పావని పోదు. జాకెట్టు హుక్కు కూడా మా కోడలు పెట్టాలి నాకు."

"అవునండీ."

"ఏడవకు. ఇక్కడ ఏడిస్తే వాళ్ళు నాకే మందేస్తారు." ముక్కాలిపీట కాలితో నా వైపు తోసింది. "కూర్చో. వందసార్లు నొక్కమన్నారు దీన్ని. మాట్లాడుతూ ఉంటే లెక్క తప్పిపోతోంది, మళ్ళీ మొదట్నించీ రావాల్సొస్తోంది. నేను నొక్కుతా, నువ్వు లెక్కపెట్టు. పైకి లెక్కపెట్టు, నాకు వినబడాలి."

కూర్చున్నాను. ఆవిడ నొక్కింది. ఒకటి అన్నాను. నలభై దగ్గర ఆవిడ మొహం నొప్పితో ముడుచుకుంది, ఆగుదామా అంటే తల అడ్డంగా ఊపింది. అరవై ఏడు దగ్గర ఒక బలహీనమైన నొక్కుడు వచ్చింది, బంతి సరిగ్గా లోపలికి పోలేదు. ఆవిడ నా వైపు చూసింది.

"అది లెక్కలోకి రాదండీ," అన్నాను.

"గట్టిదానివే," అంది. మళ్ళీ నొక్కింది.

"అరవై ఏడు," అన్నాను.